ఆరువందల పది అడుగులు

"ఎంతవరకు దిగొచ్చు?" అట్టముక్క మీది ప్రశ్నను రెండోసారి చదివి అడిగింది తల్లి.

"ఆరువందల అరవై," అంది పిట్ట, ఏమాత్రం తడుముకోకుండా.

తల్లి అట్టముక్కను వెనక్కి తిప్పింది. వెనకవైపు పిట్ట చేత్తో రాసుకున్న జవాబే, ఎర్ర సిరాతో, కింద రెండు గీతలు కొట్టి మరీ ఉంది.

"పది."

"ఏం పది?"

"ఆరువందల పది. అరవై కాదు. మొన్నా ఇదే చెప్పావు, నిన్నా ఇదే చెప్పావు. రాసిందీ నువ్వే, తప్పు చెప్పేదీ నువ్వే."

పిట్ట తల బల్లకి ఆనించేసింది. బల్ల మీద ఒకవైపు బంగాళాదుంపల తొక్కలు, ఒకవైపు రన్‌వే చార్టు, మధ్యలో ఆ తల.

పిట్ట అన్నది అసలు పేరు కాదు. చిన్నప్పుడు ముక్కుతో పొడిచినట్టు నాలుగు మెతుకులు తిని లేచిపోయేదని తండ్రి పెట్టిన పేరు. అసలు పేరు మార్కుల జాబితాల్లోనూ, విమానం నడపడం నేర్పే బడి రిజిస్టరులోనూ మాత్రమే ఉంది. ఇప్పుడు ఇరవై మూడేళ్లు. ఎండ కాసే రోజున ఒంటరిగా విమానం ఎగరేసి, ఒంటరిగా దించడం వచ్చేసింది. ఇక మిగిలింది మబ్బుల సంగతి. బయట ఏమీ కనబడకపోయినా, ముందున్న ముళ్లనీ అంకెలనీ నమ్ముకుని నేల దగ్గరికి ఎలా రావాలో తనకి తెలుసని పరీక్ష రాసి ఒప్పించాలి. యాభై ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు. డెబ్బై మార్కులు వస్తేనే పాసు. మొదటిసారి అరవై నాలుగు వచ్చాయి, రెండోసారి అరవై ఎనిమిది. మూడోసారి ఈ గురువారం. ఇప్పుడూ పోతే బ్యాచిలోంచి పేరు కొట్టేస్తారు. వచ్చే ఏడాది కొత్తగా చేరినవాళ్ల పక్కన కూర్చుని మొదటి పాఠం నుంచి మళ్లీ వినాలి. రెండుసార్లూ కొంప ముంచింది ఒకే అధ్యాయం: మినిమమ్స్, అంటే నేల కనబడకుండా ఎంతవరకు దిగొచ్చో చెప్పే అంకెలు.

"పోనీ, ఇంకోసారి నాకు చెప్పు," అంది తల్లి. ఆవిడ డిగ్రీలో లెక్కలు చదివింది. పెళ్లయ్యాక ఆ లెక్కలన్నీ వంటింట్లోకి వచ్చి పడ్డాయి. ఆ ఇంట్లో డబ్బాలన్నింటికీ చీటీలు ఉంటాయి, చీటీల మీద తేదీలు ఉంటాయి. అర్థం కానిది ఏదైనా ఇంట్లో ఉంటే ఆవిడకి ఒంట్లో నలత ఉన్నట్టే ఉంటుంది.

పిట్ట తల ఎత్తకుండానే చార్టు మీద వేలు పెట్టింది. "రన్‌వే ఉన్నదే సముద్రం కంటే నాలుగువందల పది అడుగుల ఎత్తులో. సరేనా? ఈ పై వరస, కిందకి దారి చూపించే సిగ్నల్ పనిచేస్తున్నప్పుడు. దాన్ని పట్టుకుని ఆరువందల పది దాకా దిగొచ్చు. అంటే నేలకి ఇంకా రెండువందల అడుగులుండగా అన్నమాట. అక్కడికి వచ్చేసరికి దీపాలు కనబడ్డాయా, దిగిపోవాలి. కనబడలేదా, ఆ క్షణమే పైకి లేచిపోవాలి. ఈ కింది వరస, ఆ సిగ్నల్ లేనప్పుడు. ఎనిమిదివందల ఇరవై. దానికి ఒక్క అడుగు కూడా కిందకి జారకూడదు. ఆ ఎత్తులోనే తిన్నగా పోతూ చూస్తుండాలి."

"అన్నీ తెలుసుగా! మరి ఆ అరవై ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"తెలీదమ్మా. చెయ్యి అటే పోతోంది."

తల్లి ప్రశ్నని మళ్లీ చదివింది. నాలుగు జవాబులు. నాలుగువందల పది అంటే నేలే. ఎనిమిదివందల ఇరవై వేరే వరసది. మిగిలినవి పది, అరవై. ఆవిడ చాలాసేపు చూసింది. "నిజం చెప్పనా? నాకూ అరవయ్యే నచ్చుతోంది. ఏమీ కనబడని మబ్బులో కాస్త పైనుంటే తప్పేంటి? ఓ యాభై అడుగులు చేతిలో ఉంచుకోవద్దూ?"

పిట్ట దిగ్గున లేచింది. "నువ్వు నన్ను చదివిస్తున్నావా, తప్పిస్తున్నావా?"

సరిగ్గా అప్పుడే తండ్రి లోపలికి వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్కు. చేతులు తుడుచుకుంటూ ఇద్దరి మొహాలూ చూశాడు. "ఏంటి, దిగారా, ఇంకా గాల్లోనే ఉన్నారా?"

"ఏవండీ, మీరు కాస్త ఊరుకుంటారా!"

"ఊరుకుంటానోయ్. నాకు మినిమమ్ రెండు గుడ్లు పడేస్తే నోరు తెరవను." గోడ గడియారం వైపు చూశాడు. ఏడూ పన్నెండు. "ఇంకా ఏడేగా," అని స్నానానికి పోయాడు.

ఆ గడియారం సంగతి చెప్పాలి. పిట్ట ఒకటో తరగతిలో ఉండగా ఒకరోజు బడి బస్సు తప్పింది. ఆ సాయంత్రమే తల్లి కుర్చీ ఎక్కి గడియారాన్ని పన్నెండు నిమిషాలు ముందుకి తిప్పింది. ఇకమీదట ఈ ఇంట్లో ఎవరికీ ఏదీ ఆలస్యం కాకూడదని. వారం తిరక్కుండానే తండ్రి పన్నెండు తీసేసి చూడటం మొదలుపెట్టాడు. నెల తిరక్కుండా పిట్ట నేర్చుకుంది. రెండంకెల తీసివేత ఆ పిల్లకి బడిలో కంటే ముందు ఆ గోడ మీదే వచ్చింది. తిప్పిన మనిషి కూడా తీసేసే చూస్తుంది. అలా పదహారేళ్లు గడిచాయి. మిగతా విషయాల్లోనూ ఆవిడ తీరు అదే. ఏడింటికి రమ్మనాల్సిన చుట్టాలకి ఆరున్నర అని చెబుతుంది. ఎనిమిదీ అయిదుకి వచ్చే బస్సు ఎనిమిదింటికే వస్తుందంటుంది. పిట్ట గౌన్లన్నీ రెండంగుళాలు ఎక్కువ వదిలి కుట్టించినవే. పిల్ల ఎదిగేలోగా అవి చిరిగిపోయేవి.

మంగళవారం మధ్యాహ్నం పిట్ట బడిలో ఇచ్చిన నమూనా పరీక్ష ఇంట్లో కూర్చుని రాసింది. తల్లి దిద్దింది. మినిమమ్స్ మీద తొమ్మిది ప్రశ్నలుంటే ఆరు తప్పు. అందులో నాలుగింటికి అదే వరస: ఉన్న అంకె వదిలేసి, దానికి కాస్త పైన ఉన్నదాన్ని పట్టుకుంది. ఎంతదూరం కనబడితే దిగొచ్చు అని అడిగితే, ఎనిమిదివందల మీటర్లు అని చార్టు మీద అచ్చేసి ఉండగా, వెయ్యి అని పెట్టింది.

"ఎనిమిదివందలని అంత లావు అక్షరాల్లో ఉంది కదే!"

"ఉంది. చూశాను."

"చూసి?"

"చూసి, మరీ అంత తక్కువా అనిపించింది."

"నీకేమనిపించిందో ఎవరడిగారు? అక్కడేముందని అడిగారు!"

"నిన్న నువ్వేగా యాభై చేతిలో ఉంచుకోమన్నావు!"

"నేను వంట చేసుకునేదాన్ని. నాకు తెలీకడిగాను. నీకు తెలిసేడిసిందిగా!"

పిట్ట పెన్సిలు విసిరేసింది. అది ఫ్రిజ్ కిందకి దొర్లిపోయింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తీయడానికి వంగలేదు. కింద వాటాలో లాండ్రీ ఆయన ఇస్త్రీ పెట్టె ఠప్పుమని పెట్టిన చప్పుడు, ఆయన రేడియో గొణుగుడు పైకి వినిపిస్తున్నాయి.

"టైమెంతయింది?" అని అడిగింది పిట్ట, గోడవైపు వీపు పెట్టి.

"అయిదున్నర."

"ఏ అయిదున్నర? గోడదా, నిజందా?"

"ప్రతిదానికీ వెటకారమేనా?"

"వెటకారం కాదమ్మా. ఈ ఇంట్లో ఏ అంకైనా ఉన్నదున్నట్టు ఉందా? ప్రతిదీ లోపల ఒకటి, బయట ఒకటి. అడిగిన ప్రతిసారీ లెక్క వేసుకోవాల్సిందే." అని గదిలోకి పోయి తలుపేసుకుంది.

తల్లికి ఒళ్లు మండింది. పదహారేళ్లుగా ఒక్కరోజు కూడా ఆ పిల్లని బడికి ఆలస్యంగా పంపలేదు. ఆ ఉపకారానికి ఇదా ఫలం అనుకుంది. చీపురు తెచ్చి, ఫ్రిజ్ కింద నుంచి పెన్సిలు లాగి, మొన విరిగిందని చూసి, చెక్కి, బల్ల మీద పెట్టింది. కోపం మాత్రం అలాగే ఉంది.

బుధవారం ఉదయం పిట్ట కళ్లజోడు మర్చిపోయి వెళ్లింది. రెండు బస్సులు మారి తల్లి తీసుకెళ్లింది. విమానాల బడి అంటే ఆవిడ ఊహించుకున్నంత గొప్పగా లేదు. ఒక పొడవాటి రేకుల షెడ్డు, దాని పక్కన నాలుగు గదులు, గదుల్లో తడారని సున్నం వాసన. చివరి గదిలో విమానం ముక్కు ఒక్కటే కోసి తెచ్చి పెట్టినట్టు ఒక పెట్టె ఉంది. దాన్లో కూర్చుంటే ఎగరకుండానే ఎగిరినట్టుంటుందట. అద్దం అవతల పిట్ట వీపు కనిపించింది. దాని ముందు తెరంతా తెల్లగా, పాలు ఒలకబోసినట్టు ఉంది.

మాస్టారు బయట బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ముప్పై ఏళ్లు విమానాలు నడిపి, ఇప్పుడు నడపడం నేర్పుతున్న మనిషి. కళ్లజోడుకి దారం కట్టుకున్నారు. తల్లిని చూసి పక్క కుర్చీ లాగారు.

"సరిగ్గా సమయానికి వచ్చారమ్మా. చూడండి."

బల్ల మీది చిన్న తెరలో ఎత్తు చూపే అంకె పడిపోతోంది. ఎనిమిదివందలు. ఏడువందల యాభై. ఏడువందలు. పిట్ట వీపు కర్రలా బిగుసుకుంది. ఆరువందల అరవై దగ్గర దాని చెయ్యి ముందుకి పోయింది. ఇంజను రొద పెరిగింది. అంకె మళ్లీ పైకి ఎక్కసాగింది.

"ఇదిగో, ఇదీ మీ అమ్మాయితో వచ్చిన చిక్కు. ప్రతిసారీ ముందే పైకి లేచిపోతుంది." మాస్టారు ఏదో నొక్కి, అదే దిగడాన్ని మళ్లీ మొదలుపెట్టి, ఈసారి ఎవరి చెయ్యీ తగలకుండా వదిలేశారు. ఆరువందల అరవై దగ్గర తెలుపు. ఆరువందల నలభై దగ్గరా తెలుపే. ఆరువందల ముప్పై దగ్గర ఆ తెలుపులోంచి దీపాల వరస, పూసలు గుచ్చినట్టు, తిన్నగా పైకి తేలింది.

తల్లి కుర్చీ అంచుకి జరిగింది. "అయ్యో, అక్కడే ఉంది!"

"అక్కడే ఉంది. అమ్మాయి చూడకుండా వెళ్లిపోయింది."

"కాస్త ఎక్కువ వేసుకుంటే నష్టమేంటండీ? జాగ్రత్తే కదా." ఈ మాట అడగాలని ఆవిడ సోమవారం నుంచీ అనుకుంటోంది.

మాస్టారు చార్టు తీసి బల్ల మీద పరిచారు. "ఈ ఆరువందల పది ఊరికే వేసింది కాదమ్మా. చుట్టుపక్కల ఏ స్తంభం ఎంత ఎత్తుందో, దానికీ విమానానికీ ఎంత ఎడం ఉండాలో కొలిచారు. పైకి లేద్దామనుకున్నాక కూడా విమానం కొంచెం దిగుతుంది. అదీ కలిపారు. వేయాల్సిన జాగ్రత్తంతా వేశాకే అచ్చుకొట్టారు. దాని మీద మళ్లీ మనం వేస్తే ఏమవుతుంది? ఇవాళ ఏమీ కాదు. ఇంకో చుట్టు తిరిగి వస్తుంది, అంతే. కానీ భయమేసిన రోజున యాభై వేసుకున్న మనిషి, తొందరగా ఉన్న రోజున యాభై తీసేసుకుంటాడు. నేను చూశాను. ఆ అంకె తన సొంతమనుకున్నాక, ఎటు కావాలంటే అటు లాక్కుంటాడు. మన ఇష్టానికి దొరక్కుండా ఉంటేనే అది మనల్ని కాపాడేది."

తల్లి తాను తెచ్చిన కళ్లజోడు బల్ల మీద పెట్టి, "అమ్మాయికి ఇవ్వండి," అని లేచింది. బస్సులో కూర్చున్నాక తండ్రి గొంతు చెవిలో మోగింది. ఇంకా ఏడేగా. ఆ మాట ఆయన పదహారేళ్లుగా అంటున్నాడు. తను పన్నెండు వేసింది. వాళ్లు పన్నెండు తీసేశారు. అప్పుడప్పుడు పదిహేను కూడా తీసేశారు. ఆ గోడ మీద ఇప్పుడు ఎవరూ నమ్మని అంకె ఒకటి వేలాడుతోంది. దాని కిందే పెరిగిన పిల్ల, అచ్చయిన అంకెని ఎలా నమ్ముతుంది?

ఇంటికి రాగానే కుర్చీ వేసుకుని గడియారాన్ని వెనక్కి తిప్పింది. ఫోనులో చూసి, నిమిషం నిమిషానికీ సరిపెట్టి, మేకుకి తగిలించింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే తండ్రి నెలరోజులు ఏడిపిస్తాడు. పిట్టయితే, "ఇప్పటికి తెలిసిందా?" అంటుంది. ఆ మాట పడటానికి ఆవిడ సిద్ధంగా లేదు.

ఆ సాయంత్రం మళ్లీ అట్టముక్కలు తీసింది. "ఎంతవరకు దిగొచ్చు?"

"ఆరువందల..." పిట్ట ఆగింది. మాస్టారు దానికీ దీపాల వరస చూపించినట్టున్నారు. పెదవి కొరుక్కుంది. "పది."

"ఎందుకు?"

"అక్కడ అంతే రాసుంది కాబట్టి."

తల్లి ఇంకో అట్టముక్క తీసింది. మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే బెదురుతుందని తెలుసు.

గురువారం తండ్రి ఆరింటికే డిపోకి వెళ్లిపోయాడు. పరీక్ష జరిగే చోట తొమ్మిదింటికి తలుపు వేసేస్తారు. ఫోనులు రానివ్వరని పిట్ట తన ఫోను ఆపేసి సొరుగులో పడేసింది. ఎనిమిదీ అయిదు బస్సు పట్టుకుంటే నలభై నిమిషాల్లో చేరిపోవచ్చు. పిట్ట బూట్లు వేసుకుంటూ గడియారం చూసింది. ఎనిమిది. "ఇంకా పావుగంట పైనే ఉంది," అని చార్టు మళ్లీ తెరిచింది. వంటింట్లోంచి తల్లి కూడా గడియారం చూసింది. ఆవిడకీ అలాగే అనిపించింది. ఆమ్లెట్ వేసింది. బ్రెడ్ కాల్చింది. టీ చల్లగా ఉందంటే మళ్లీ వేడిచేసి ఇచ్చింది. "నెమ్మదిగా తిను, గొంతుకి అడ్డం పడుతుంది," అని కూడా అంది.

కింద వాటాలోంచి లాండ్రీ ఆయన రేడియో గట్టిగా పలికింది. సమయం ఎనిమిదిం పావు. వార్తలు.

తల్లి గడియారం చూసింది. ఎనిమిదిం పావు. ఆవిడ మనసు మాత్రం ఎనిమిదీ మూడు అంటోంది. రేడియో తప్పు చెప్పదు. గడియారం... గడియారం తను తిప్పింది. నిన్న. తన రెండు చేతులతో.

"ఒసేయ్, లే!"

"ఏంటమ్మా?"

"ఎనిమిదిం పావయింది! బస్సు పోయింది!"

"గోడదమ్మా అది, నిజానికి..."

"గోడదే నిజం! నిన్న నేనే సరిచేశాను!"

పిట్ట చేతిలోని బ్రెడ్ కిందపడింది. "సరిచేశావా? చెప్పవా?"

"చెప్పలేదు! తిట్టడానికి తర్వాత టైముంది, ముందు నడు!"

ఇద్దరూ మెట్ల మీద పడుతూ లేస్తూ దిగారు. తర్వాతి బస్సు ఎనిమిదీ ముప్పై అయిదుకి. దానికి ఆగితే తలుపేసేస్తారు. లాండ్రీ ఆయన తన వ్యానులో ఇస్త్రీ చొక్కాలు సర్దుతున్నాడు. తల్లి చేతులు జోడించినంత పని చేసింది. "అన్నయ్యా, అమ్మాయి పరీక్ష!"

"ఎక్కండమ్మా, ఎక్కండి. చొక్కాలు నలక్కుండా చూసుకోండి, అంతే."

వెనక సీటు లేదు. హ్యాంగర్లకి వేలాడుతున్న చొక్కాల మధ్య ఇద్దరూ ఒంగి నిలబడ్డారు. మలుపు తిరిగినప్పుడల్లా ఎవరెవరివో చేతులు మొహానికి కొట్టుకుంటున్నాయి. పిట్ట ఒక తెల్ల చొక్కాని పక్కకి నెట్టి తల్లి మొహంలోకి చూసింది. దాని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. కోపమో, భయమో.

"ఏ రన్‌వేకైనా మినిమమ్స్ మారిస్తే ముందు నోటీసు వేస్తారమ్మా! ఫలానా తేదీ నుంచి ఫలానా అంకె మారింది అని. అందరికీ పంపుతారు. చదివాకే ఎగురుతారు. నువ్వేమో చీకటి యవ్వారంలా మార్చేసి నోరు మూసుకుని కూర్చున్నావు!"

"మర్చిపోయానే. మార్చిన దాన్ని నేనే మర్చిపోయి పన్నెండు తీసేశాను."

"అసలు ఎందుకు మార్చావు? పరీక్ష ముందు రోజే దొరికిందా నీకు?"

"నువ్వేగా అన్నావు, ఈ ఇంట్లో ఏ అంకె కూడా ఉన్నదున్నట్టు లేదని."

పిట్ట నోరు తెరిచింది. చొక్కా చెయ్యి వచ్చి మూతికి కొట్టుకుంది.

తలుపు దగ్గరి మనిషి చెయ్యి గడియ మీద ఉండగా పిట్ట లోపలికి దూరింది. ఎనిమిదీ యాభై తొమ్మిది. తల్లి ఎదురుగా ఉన్న సిమెంటు బల్ల మీద కూలబడింది. అప్పుడు చూసుకుంది, కాళ్లకి రెండు వేర్వేరు చెప్పులున్నాయి.

రెండున్నర గంటలు. అంతసేపూ ఆవిడ తనని తానే తిట్టుకుంది. పదహారేళ్లు అక్కర్లేని జాగ్రత్త పడి, అవసరమైన ఒక్కరోజునా అంతా గంగలో కలిపేదాన్నే అనుకుంది. ఆ పిల్ల ఊపిరి తీసుకోకుండా పోయి కూర్చుంది. మొదటి ప్రశ్నలు ఎలా చదివిందో ఏమో.

పదకొండున్నరకి పిట్ట, అక్కడికక్కడే ఇచ్చిన మార్కుల కాగితం పట్టుకుని బయటికి వచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది. మొహం చూసి ఏమీ తెలుసుకోలేకపోయింది తల్లి.

"ఎంత?"

"డెబ్బై."

"డెబ్బయ్యేనా?"

"పాసు మార్కు డెబ్బై. నాకు వచ్చింది డెబ్బై."

తల్లి కాగితం లాక్కుని చూసింది. పాసు అనే ఉంది. గుండె కిందకి జారి, మళ్లీ ఎక్కింది. "ఒక్కటి అటూ ఇటూ అయ్యుంటే?"

"అవలేదుగా."

"మరీ అంచు మీద..."

"అమ్మా!"

తల్లి కాస్త దూరం నడిచాక మళ్లీ ఆగలేకపోయింది. "మినిమమ్స్ వచ్చాయా?"

"నాలుగొచ్చాయి. నాలుగూ ఉన్నదున్నట్టే పెట్టాను. పైన ఇంకో అంకె రా రమ్మని పిలుస్తూనే ఉంది. పెట్టలేదు."

"మరి పదిహేను ప్రశ్నలు ఎక్కడ పోయాయే?"

"ఎక్కువ వాతావరణంలో."

"వాతావరణం నీకు కొట్టిన పిండి అన్నావు!"

"అందుకే చదవలేదు."

తల్లికి మళ్లీ ఒళ్లు మండింది. ఇద్దరూ బస్సు స్టాపులో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. కాసేపయ్యాక పిట్ట కిందకి చూసి, "ఆ చెప్పులేంటి?" అంది. తల్లి ఒక కాలు వెనక్కి లాక్కుంది. బస్సు వచ్చేదాకా పిట్ట నవ్వుతూనే ఉంది. ఆ నవ్వులో సగం ఏడుపే.

సాయంత్రం తండ్రి వచ్చి గడియారం చూశాడు. "ఏడూ అయిదు. అంటే ఆరూ యాభై మూడు. ఇవాళ తొందరగా వచ్చానోయ్," అన్నాడు.

గడియారం కింద కొత్తగా అంటించిన కాగితం కనిపించి దగ్గరికి వెళ్లాడు. పిట్ట చేతిరాత, ఎర్ర సిరా, కింద రెండు గీతలు.

నోటీసు. నిన్నటి నుంచి ఈ గడియారం సరైన సమయమే చూపిస్తుంది. ఎవరూ ఏమీ తీయరాదు. ఎవరూ ఏమీ కలపరాదు.

కాగితం చివర తల్లి పెన్సిలుతో రాసిన ఇంకో ముక్క ఉంది. మళ్లీ మారిస్తే ముందుగా చెప్పబడును.